అక్షరాల్లో స్వరాలు: లిలీపాండ్ ఎవరికి పనికొస్తుంది?

నిర్వాహకురాలు: మౌస్‌తో స్వరాలు పెట్టుకునే వీలుండగా, స్వరలిపి పేజీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ లిలీపాండ్‌లో వాటిని కోడ్‌లాగా టైప్ చేయడం దేనికండీ?

ప్రోగ్రామర్: ఫైలు మన చేతిలో ఉంటుంది కాబట్టి. 1988 నుంచి ఉన్న ఫినాలే అనే స్వరలిపి సాఫ్ట్‌వేర్‌ను ఆపేస్తున్నామని 2024 ఆగస్టులో కంపెనీ ప్రకటించింది. అందులో స్కోర్లు, అంటే స్వరలిపి పేజీలు, దాచుకున్నవాళ్లకు టెన్షన్ పట్టుకుంది. లిలీపాండ్ ఫైలుకు ఆ బెంగ లేదు. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదువుకోవచ్చు.

స్వరకర్త: చదవడం సరే. పాత ఫైలు కొత్త వెర్షన్‌లో నడుస్తుందా?

ప్రోగ్రామర్: ఒక్కోసారి మొరాయిస్తుంది. కన్వర్ట్-ఎల్‌వై అనే టూల్ చాలావరకు సరిచేస్తుంది, మిగిలింది చేత్తో దిద్దాలి.

స్వరకర్త: నా బాధ వేరు. నేను ట్యూన్‌ని వెతుక్కుంటూ రాస్తాను. ఒక స్వరం పైకి జరిపి వింటాను, నచ్చకపోతే దించేస్తాను. మౌస్‌తో స్వరాలు పెట్టే మ్యూజ్‌స్కోర్‌లో అది క్షణం పని. ఇక్కడ టైప్ చేసి, కంపైల్ చేస్తే, అంటే కోడ్‌ను పేజీగా మార్పిస్తే గానీ, ఏమీ కనపడదు. ఈలోపు ట్యూన్ కాస్తా ఎగిరిపోతుంది!

టీచర్: రిలేటివ్ మోడ్ సంగతి చెప్పరేం? పిల్లలు తికమకపడేది అక్కడే. ప్రతి స్వరం దాని ముందున్నదానికి దగ్గరి ఆక్టేవ్‌లో, అంటే స్థాయిలో, పడుతుంది. సి స్వరం తర్వాత పై జి స్వరం కావాలంటే అపాస్ట్రఫీ పెట్టాలి. మరిచిపోతే కింది జి వస్తుంది. అంతటితో ఆగదు, తర్వాతి స్వరాలన్నీ ఒక ఆక్టేవ్ కిందికి దిగిపోతాయి.

ప్రోగ్రామర్: అందుకే నేను ప్రతి స్వరానికీ ఆక్టేవ్ విడిగా రాసే అబ్సొల్యూట్ మోడే వాడతాను. తాళం లెక్కకైతే బార్ చివర నిలువు గీత కొడితే చాలు, తప్పిన చోట లైన్ నంబరుతో సహా హెచ్చరిస్తుంది.

స్వరకర్త: ఆర్కెస్ట్రా పనిలో మాత్రం నేనూ ఒప్పుకుంటాను. ఫ్లూట్ భాగాన్ని ఒక్కచోట రాస్తే, ఫుల్ స్కోరులోకీ ఫ్లూట్ వాయించేవారి కాగితంలోకీ అదే వెళ్తుంది. రిహార్సల్‌లో ఒక స్వరం మారితే ఒక్కచోటే దిద్దాలి.

ప్రోగ్రామర్: ఫైళ్లలో మార్పులను గుర్తుపెట్టుకునే గిట్‌లో పెడితే ఏ లైను మారిందో కూడా తెలుస్తుంది.

నిర్వాహకురాలు: మరి కొత్తవాళ్లు?

టీచర్: ఒంటి గొంతు జానపద ట్యూన్లకు స్వరాలను తేలికగా అక్షరాల్లో రాసే ఏబీసీ నొటేషన్ చాలు. లిలీపాండ్‌కి దిగితే మటుకు ఫ్రెస్కోబాల్డి ఎడిటర్ పెట్టుకోండి. పేజీలో స్వరం మీద నొక్కితే కర్సర్ కోడ్‌లో ఆ చోటికే వెళ్తుంది.

స్వరకర్త: మ్యూజ్‌స్కోర్‌లో రాసుకుని ఇటు తెచ్చుకుంటే?

ప్రోగ్రామర్: స్కోర్లను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి చేరవేసే మ్యూజిక్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు ద్వారా తేవచ్చు. స్వరాలు వస్తాయి, పేజీ అమరిక మళ్లీ సర్దుకోవాలి. తిరిగి అటు పంపడమే అసలు తలనొప్పి. ట్యూన్ ఖరారయ్యాకే తెచ్చుకోండి.