నీళ్ళే ముందు పొలమారతాయి

అందరికీ నమస్కారం. పక్షవాతం వచ్చిన నాన్నగారినో, మెడ నిలవని బిడ్డనో ఇంట్లో చూసుకుంటున్నవాళ్ళే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు. వాళ్ళకి మింగడమే కష్టం. అందుకని నేరుగా తిండి దగ్గరికే వస్తాను.

పొలమారితే నెత్తిన తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంటాం. అసలు జరిగింది, కడుపులోకి పోవాల్సింది గాలిగొట్టం వైపు తప్పడం. మింగేటప్పుడు స్వరపేటిక పైకి లేస్తుంది, గాలిదారి మూసుకుంటుంది, ఊపిరి క్షణంపాటు ఆగుతుంది. పక్షవాతంలో, పార్కిన్సన్స్‌లో ఆ దారి మూసుకోవడం ఆలస్యమవుతుంది. మెత్తటి ముద్ద నెమ్మదిగా జారుతుంది కాబట్టి కొంత వ్యవధి దొరుకుతుంది. నీళ్ళు ఆగవు. "ఏమీ తినట్లేదు, కనీసం నీళ్ళైనా పోద్దాం" అంటాం చూడండి, చాలామందికి అన్నిటికన్నా కష్టం అదే.

దగ్గేవాళ్ళకన్నా దగ్గనివాళ్ళంటేనే నాకు టెన్షన్. గొంతులో స్పర్శ తగ్గితే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి దిగినా తెలియదు. తాగాక గొంతు తడితడిగా గరగరమంటోందా? మాటిమాటికీ జ్వరం, నిమోనియా వస్తున్నాయా? అయితే పరీక్ష చేయించాలి. ఎక్స్‌రేలో కనిపించే బేరియం కలిపిన తిండి మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీస్తారు, లేదా ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూస్తారు.

చారన్నం మెత్తగా ఉంటుందని పెడతారు. మెతుకులు నోట్లో ఉండగానే చారు గొంతులోకి జారిపోతుంది. పాలల్లో నానేసిన బిస్కెట్ కూడా అంతే. దానికన్నా మెత్తగా పిసికిన, నీళ్ళు ఊరని పెరుగన్నం నయం. అలాగని మీ అంతట మీరే అన్నీ చిక్కబరచకండి. చిక్కటివి సయించక తాగడమే తగ్గిస్తారు, ఒంట్లో నీరు తగ్గుతుంది. గడ్డం దించి మింగడం కూడా కొందరికే పనిచేస్తుంది. ఎవరికి ఏది సరిపోతుందో మింగే ఇబ్బందులు కూడా చూసే స్పీచ్ థెరపిస్టు పరీక్షించి చెప్పాలి. నిటారుగా కూర్చోబెట్టడం, రోజూ నోరు శుభ్రం చేయడం మాత్రం మీ చేతిలో పని. ముక్కులోంచి కడుపులోకి తిండి పంపే రైల్స్ ట్యూబ్ ఉన్నా ఉమ్మి గొంతులోకి దిగుతూనే ఉంటుంది, దాంతోపాటు నోట్లోని క్రిములూ దిగుతాయి.

ఇక పిల్లలు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కుదరడానికి, గర్భం మొదలు నుంచి లెక్కేస్తే, సుమారు 34 వారాలు నిండాలి. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో లేని స్థితి, ఉన్న బిడ్డను కాళ్ళ మీద వెల్లకిలా వేసుకుని ఉగ్గు పోయకండి, తల వెనక్కి వాలితే గాలిదారి ఇంకా తెరుచుకుంటుంది. ముక్కులో నూనె చుక్కలు వేయడం ఏ బిడ్డకూ వద్దు. అమ్మమ్మలు నన్ను తిట్టుకున్నా సరే! నూనె దగ్గు కూడా రానివ్వకుండా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అక్కడ నిమోనియా తెస్తుంది.

తాగేవాటి చిక్కదనానికి, తినేవాటి మెత్తదనానికి 0 నుంచి 7 దాకా ఇడ్సీ (IDDSI) అని అంతర్జాతీయ కొలత ఉంది. పల్చటివాటిని 10 మి.లీ. సిరంజితో చూడొచ్చు. తోసే కాడ తీసేసి, కింద వేలితో మూసి, 10 గీత దాకా పోయండి. వేలు తీసి, 10 సెకన్లకి మళ్ళీ మూయండి. 1 మి.లీ. కన్నా తక్కువ మిగిలితే అది నీళ్ళ కిందే లెక్క. 4 నుంచి 8 మిగిలితే రెండో స్థాయి. సిరంజి కంపెనీని బట్టి మారుతుంది, 10 మి.లీ. గీతల పొడవు 61.5 మి.మీ. ఉన్నదే వాడండి. ఈ బల్ల మీద మజ్జిగ, రాగి జావ ఉన్నాయి. ముందు వరసవాళ్ళు రండి, మజ్జిగతో మొదలుపెడదాం.