సార్, మంట ఎడమ పక్క కనిపిస్తోంది

(కర్నూలులో పాలిటెక్నిక్ విద్యార్థులతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్న పెద్దలకు, చోటు దొరక్క వెనక గోడకు ఆనుకుని నిలబడిన పిల్లలకు కూడా.

విమాన ఇంజన్ల మరమ్మతు పనిలో బతికిన మనిషిని కాబట్టి మన ఊళ్లో ఎవరు కలిసినా నన్ను అడిగేది ఒకటే. "ఏమన్నా, గాల్లో ఉండగా ఇంజన్ ఆగిపోతే ఇంక అయిపోయినట్టే కదా?" అయిపోదు. రెండు ఇంజన్ల విమానం ఒక్కదానితో ఎగరగలదని పరీక్షల్లో తేలాకే దానికి అనుమతి ఇస్తారు. టేకాఫ్‌లో ఒక వేగం దాటాక, దాన్ని వీ వన్ అంటారు, ఇంజన్ పోయినా బ్రేకులు వేయరు, మిగిలిన ఒక్కదానితోనే పైకి లేస్తారు. పెద్ద జెట్ విమానానికి రెండూ ఆగిపోయాయనే అనుకుందాం. కర్నూలు పైన 35 వేల అడుగుల ఎత్తులో ఉంటే అది గాలి మీద తేలుతూ అనంతపురం దాకా పోగలదు. 2001లో ఎయిర్ ట్రాన్సాట్ విమానం ఒకటి, అట్లాంటిక్ మీద ఇంధనం కారిపోయి రెండు ఇంజన్లూ ఆగాక, అలాగే తేలుతూ వచ్చి అజోర్స్ దీవుల్లో దిగింది. అందులో ఉన్న 306 మందీ బతికారు.

నాకు భయం వేసేది ఇంకోదానికి. బాగున్న ఇంజన్‌ని మనిషే ఆపేస్తే?

1989 జనవరి 8. లండన్ నుంచి బెల్ఫాస్ట్ వెళ్తున్న బ్రిటిష్ మిడ్‌ల్యాండ్ బోయింగ్ 737-400, లోపల 126 మంది. ఎడమ ఇంజన్ ఫ్యాన్ బ్లేడు ఒకటి విరిగింది. విమానమంతా వణుకు, కాక్‌పిట్‌లో పొగ. ఏ ఇంజన్ అని కెప్టెన్ అడిగితే కో పైలట్ "ఎడ..." అనబోయి, సగంలో ఆగి, "కుడిది" అన్నాడు. కుడిదాన్ని తగ్గించారు. తగ్గించగానే వణుకూ తగ్గింది, పొగా తగ్గింది. అది కేవలం కాకతాళీయం. ఆ క్రమంలో ఇంజన్ల శక్తిని తనంతట తానే సర్దే ఆటోథ్రాటిల్‌ని తీసేశారు కాబట్టి దెబ్బతిన్న ఎడమ ఇంజన్‌కి కూడా ఇంధనం తగ్గి, అది కాసేపు నెమ్మదించింది. కానీ లోపల కూర్చున్న ఇద్దరికీ తాము అనుకున్నదే నిజమనిపించింది. కుడి ఇంజన్ని పూర్తిగా ఆపేశారు.

కుడి ఇంజన్లో ఇబ్బంది వచ్చింది అని కెప్టెన్ మైకులో చెప్పాడు. వెనక కూర్చున్న ప్రయాణికులేమో ఎడమ పక్క నిప్పులు కళ్లారా చూశారు. క్యాబిన్ సిబ్బందిలో కూడా ముగ్గురు చూశారు. ఒక్కరు కూడా ముందుకు వెళ్లి ఆ మాట అనలేదు. దిగే ముందు కెప్టెన్ "అసలు మనకు ఏమేం కనిపించాయి" అని ఒకసారి సరిచూసుకోబోయాడు కూడా. అంతలో రేడియోలో పిలుపు వచ్చింది, ఆ మాట అక్కడే ఆగిపోయింది. రన్‌వేకి ఇంకాస్త దూరం ఉందనగా ఎడమ ఇంజన్ చేతులెత్తేసింది. ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్ ఊరి దగ్గర మోటార్‌వే గట్టుకు కొట్టుకుని 47 మంది పోయారు.

పాత సంగతి అనుకుంటారేమో. 2015 ఫిబ్రవరి 4, తైపీ. ట్రాన్స్ఏషియా ఏటీఆర్ 72. మన కర్నూలు విమానాశ్రయం ఓర్వకల్లులో దిగే ప్రొపెల్లర్ విమానం కూడా ఆ రకానిదే. టేకాఫ్ అయిన కాసేపటికి కుడి ఇంజన్ శక్తి పోయింది. కెప్టెన్ ఎడమ ఇంజన్ శక్తి తగ్గించే లివర్ వెనక్కి లాగుతానన్నాడు. "ఒక్క క్షణం, సరిచూద్దాం" అని పక్కనున్నాయన అన్నాడు. ఆ క్షణం ఆగలేదు. తప్పు పక్క లాగానని చివర్లో కెప్టెనే అన్న మాట రికార్డులో ఉంది. 58 మందిలో 43 మంది చనిపోయారు.

అందుకే ఇంజన్ పోతే ఏం చేయాలో పైలట్లకు సిమ్యులేటర్‌లో పదే పదే చేయిస్తారు. అందులో ముఖ్యమైనది తొందరపడకపోవడం. మొదట విమానాన్ని అదుపులో నిలబెట్టాలి. పనిచేస్తున్న ఇంజన్ ముక్కును ఆగిన ఇంజన్ వైపు తిప్పేస్తుంది, దాన్ని సరిచేయడానికి పైలట్ పనిచేస్తున్న వైపు పెడల్ తొక్కుతాడు. అప్పుడు ఖాళీగా ఉన్న కాలు ఏ పక్కదో, పోయిన ఇంజన్ ఆ పక్కదే. అంత టెన్షన్‌లో మీటర్లు చదవలేకపోయినా కాలు చెప్తుంది. కాస్త ఎత్తుకు వెళ్లాక ఒకరు లివర్ మీద చెయ్యి వేసి "ఒకటో ఇంజన్, అవునా?" అని అడుగుతారు. రెండో మనిషి తన కళ్లతో చూసి "అవును" అన్నాకే ఆ చెయ్యి కదలాలి. ఇంధనం ఆపే స్విచ్ దగ్గర మళ్లీ అదే ప్రశ్న, మంట వస్తే లాగే ఫైర్ హ్యాండిల్ దగ్గర మళ్లీ అదే. జూనియర్ "కాదు" అంటే కెప్టెన్ చెయ్యి ఆగి తీరాలి. మన పక్క పెద్దాయన మాట్లాడుతుంటే నోరు తెరవొద్దని పిల్లలకు నేర్పుతాం. ఇంట్లో మంచిదేమో గానీ, కాక్‌పిట్‌లో గానీ రేపు మీరు చేరబోయే వర్క్‌షాపులో గానీ అది ప్రాణాల మీదికి తెస్తుంది.

సరిగ్గా జరిగినదీ చెప్తాను. 2010 నవంబర్ 4, సింగపూర్ నుంచి సిడ్నీ బయల్దేరిన నాలుగు ఇంజన్ల క్వాంటాస్ ఎ380, లోపల 469 మంది. రెండో ఇంజన్‌లో గిర్రున తిరిగే టర్బైన్ డిస్క్ పగిలి ముక్కలు రెక్కలోంచి దూసుకుపోయాయి. మెకానికల్ పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి, అంతటికీ మూలం ఒక చిన్న నూనె గొట్టం. లోపల తొలిచిన రంధ్రం కేంద్రం తప్పి ఒక పక్కకు జరిగింది, ఆ పక్క గోడ పలచబడి, పగులు వచ్చి, నూనె కారి మంట పుట్టింది. కాక్‌పిట్‌లో హెచ్చరికల మీద హెచ్చరికలు. కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పిన్యీ దగ్గర ఆ రోజు ఆయనతో కలిపి ఐదుగురు పైలట్లు ఉన్నారు. వాళ్లు ఒక్కో హెచ్చరికనూ వరసగా చూసుకుంటూ వెళ్లారు, అందుకే దాదాపు గంట పట్టింది. ఈలోగా కెప్టెన్ ఒక పైలట్‌ను క్యాబిన్‌లోకి పంపాడు, కిటికీలోంచి రెక్క చూసి రమ్మని. అక్కడ ప్రయాణికుడిగా వచ్చిన ఇంకో పైలట్, తోక మీది కెమెరా దృశ్యం చూపించి, రెక్క వెనక ఏదో ద్రవం ధారగా పోతోందని చెప్పాడు. ఆ మాట కాక్‌పిట్‌కి చేరింది. సింగపూర్‌లోనే మళ్లీ దిగారు.

దిగాక కూడా తొందరపడలేదు. విపరీతంగా వేడెక్కిన బ్రేకుల దగ్గర ఇంధనం కారుతోంది, ఒకటో ఇంజన్ ఎంతకీ ఆగడం లేదు. ఆ పరిస్థితిలో జారుడు బల్లల మీదుగా జనాన్ని కిందికి దూకించడం కన్నా, ఫైర్ సిబ్బంది నురగ చల్లేదాకా లోపలే కూర్చోబెట్టడం మేలని నిర్ణయించి, తర్వాత నిదానంగా మెట్ల మీదుగా దింపారు. ఒక్కరికీ గాయం కాలేదు. నాకు ఆ నిర్ణయం, ల్యాండింగ్ కన్నా గొప్పగా కనిపిస్తుంది.

ఇక మీ సంగతి. రేపు ఓర్వకల్లులోనో కడపలోనో విమానం ఎక్కుతారు. రెండు ఇంజన్ల విమానంలో ముందుకు చూస్తూ కూర్చున్నప్పుడు మీ ఎడమ చేతి వైపుది ఒకటో ఇంజన్, కుడి వైపుది రెండోది. మంట గానీ, పొగ గానీ, నూనె ధార గానీ కనిపిస్తే వీడియో తర్వాత తీసుకోవచ్చు, ముందు తల మీదున్న బటన్ నొక్కండి. మీ సీటు నంబరు, ఏ పక్క, ఏం చూశారు, ఈ మూడు చెప్తే చాలు. మైకులో ఇంకో పక్క పేరు వినబడినా సరే, మీరు చూసింది చూసినట్టు చెప్పండి. దాన్ని కాక్‌పిట్‌కి చేర్చడం సిబ్బంది పని.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. వెనక నిలబడినవాళ్లతో మొదలుపెడదాం.