ప్రింట్ చూపిస్తుంది, రిటర్న్ చేతికిస్తుంది

నమస్కారం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం జరిగేటప్పుడు, కాటా దగ్గర ఉన్న మనిషి బరువును గట్టిగా పలికి ఊరుకుంటే, పద్దు రాసే గుమస్తా పని ముందుకు సాగదు. ఆ అంకె చీటీ మీదికెక్కి ఆయన చేతికి అందాలి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రింట్ అంకెను పలికేది, రిటర్న్ ఆ చీటీని అందించేది.

ఇప్పుడు తెర మీది ప్రోగ్రామును చూడండి. "వెల" అనే ఫంక్షన్ (ఒక పనికి పేరు పెట్టి రాసుకున్న కోడ్ ముక్క) కిలోలను, ధరను తీసుకుని, రెండింటినీ గుణించి, వచ్చిన లబ్ధాన్ని రిటర్న్ చేస్తుంది. "చెల్లింపు" అనే ఫంక్షన్ ఒక మొత్తాన్ని తీసుకుని, అందులో 5 శాతం కమీషన్ మినహాయించి, మిగిలినదాన్ని రిటర్న్ చేస్తుంది. పైథాన్ 3లో ఇలాంటి పేర్లను తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. నాకు ఇది ఎంతో ఇష్టమైన సౌకర్యం.

ఎనిమిది కిలోల వంజరం, కిలో 500 రూపాయలు అనుకుందాం.

మొత్తం = వెల(8, 500)
చేతికి = చెల్లింపు(మొత్తం)

మొదటి వరుసలో "వెల" తిరిగి ఇచ్చిన 4000, "మొత్తం" అనే పేరు కింద నిలుస్తుంది. రెండో వరుసలో అదే "చెల్లింపు"కు ఇన్‌పుట్‌గా వెళ్లి, 3800.0గా తిరిగి వస్తుంది. "వెల" లోపల వాడిన పేర్లు ఆ ఫంక్షన్ ముగియగానే పోతాయి కనుక, బయటికి వచ్చేది విలువ ఒక్కటే. దాన్ని ఏ పేరుకూ అప్పగించకుండా ఫంక్షన్‌ను ఊరికే పిలిస్తే, ఆ విలువ కూడా దక్కదు.

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే కొత్తవారు ఎక్కువగా చిక్కుకునే చోటు ఇదే. "వెల"లో రిటర్న్ బదులు ప్రింట్ రాశారనుకోండి. తెర మీద 4000 చక్కగా కనిపిస్తుంది, కాబట్టి ఆ ఫంక్షన్ సరిగానే ఉందని నమ్ముతాం. కానీ రిటర్న్ లేని ఫంక్షన్ నన్ (None, అంటే "ఏమీ లేదు") అనే విలువను ఇస్తుంది కనుక, "చెల్లింపు" దాన్ని గుణించబోయి టైప్‌ఎర్రర్‌తో, అంటే విలువ రకం ఆ పనికి కుదరదనే ఫిర్యాదుతో, ఆగిపోతుంది. తప్పు మొదటి ఫంక్షన్‌లో ఉంటే, పైథాన్ వేలు చూపేది రెండో ఫంక్షన్ వైపు. అందుకే ఎర్రర్‌లో నన్‌టైప్ అనే మాట కనిపిస్తే, ఆ విలువ ఏ ఫంక్షన్ నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి వెతకండి. ఇఫ్ లోపల, అంటే షరతు నిజమైనప్పుడు నడిచే భాగంలో, మాత్రమే రిటర్న్ రాసి, షరతు తప్పినప్పటి ఎల్స్ సంగతి మరిచిపోయినా ఇదే జరుగుతుంది.

రెండు వరుసలనూ కలిపి చెల్లింపు(వెల(8, 500)) అని కూడా రాయవచ్చు. లోపలి పిలుపు ముందు పూర్తవుతుంది. అయితే నేర్చుకునే రోజుల్లో విడివిడిగా రాయడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మధ్యలో "మొత్తం" విలువ ఎంతో ప్రింట్ చేసి చూసుకోవచ్చు.