మీది కాని చలానా మీ బండి మీద పడితే?

[స్క్రీన్‌పై: ఫోన్‌కి వచ్చిన చలానా మెసేజ్]

నమస్తే. మీ స్కూటీ హన్మకొండలో ఇంటి ముందు స్టాండు వేసి ఉంది. ఫోన్‌కేమో కూకట్‌పల్లిలో హెల్మెట్ లేకుండా వెళ్లారని చలానా వచ్చింది. ఏం చేస్తారు? "పోనీలే, ఎంతని" అని కట్టేసేవాళ్లే ఎక్కువ. డిస్కౌంట్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో తెలంగాణలో టూవీలర్లకు 80 శాతం తగ్గించారు కదా, అలాంటప్పుడు ఏది మనదో ఏది కాదో చూసే ఓపిక ఎవరికుంటుంది?

కట్టకండి. కడితే తప్పు ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత డబ్బు వెనక్కి అడగడం ఇంకో పెద్ద తలనొప్పి.

[స్క్రీన్‌పై: చలానా పేజీ, ఫోటో మీద జూమ్]

ముందు ఫోటో తెరవండి. తెలంగాణ పోలీసుల ఈ-చలానా సైట్‌లో బండి నంబరు కొడితే పెండింగ్‌లో ఉన్నవన్నీ కనిపిస్తాయి. తేదీ, టైము, పాయింటు, ఏ స్టేషన్ పరిధి అన్నీ ఉంటాయి. ఫోటోలో నంబర్ ప్లేటును వేళ్లతో పెద్దది చేసి చూడండి. మీ నంబరు 3381 అనుకుందాం. ప్లేటు మీద ఉన్నది 8381. మొదటి 8కి ఎడమ పక్కంతా బురద, ఎంటర్ చేసినాయనకు అది 3 లాగా కనిపించింది. పైగా ఫోటోలో ఉన్నది పల్సర్, మీ ఆర్సీలో ఉన్నది స్కూటీ. ఇంక వాదనెందుకు, వాళ్లు తీసిన ఫోటోనే మీకు సాక్ష్యం.

ప్లేటు మీద అచ్చంగా మీ నంబరే ఉండి, బండి మాత్రం వేరేదైతే? అప్పుడు టెన్షన్ పడాల్సిందే. ఎవరో మీ నంబరు తగిలించుకుని తిరుగుతున్నారన్నమాట. చలానా ఫిర్యాదుతో సరిపెట్టకుండా పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు ఆ బండి ఎవరినైనా గుద్ది పారిపోతే, పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే.

అమ్మేసిన బండికి చలానాలు వస్తున్నాయా? అందులో పోలీసుల తప్పేం లేదు. ఫారం 29, 30 ఇచ్చి పేరు మార్పించేదాకా రికార్డుల్లో ఓనరు మీరే. యాక్సిడెంట్ కేసుల్లో కూడా రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

[స్క్రీన్‌పై: తెల్లకాగితం మీద రాస్తున్న చెయ్యి]

ఇక ఫిర్యాదు. సైట్‌లో ఇచ్చిన హెల్ప్‌డెస్క్‌కి పంపండి. కదలిక లేకపోతే చలానాలో పేరున్న ట్రాఫిక్ స్టేషన్‌కే వెళ్లండి. రాయాల్సింది ఇంతే: "ఫలానా నంబరు చలానాలోని ఫోటోలో ఉన్న బండి నాది కాదు. మొదటి అంకె 8కి బదులు 3 అని నమోదైంది. సరిచేయగలరు." ఆ రోజు మీరెక్కడున్నారో, ఎవరి పెళ్లికి వెళ్లారో ఆ కథంతా వద్దు. చలానా స్క్రీన్‌షాట్, ఆర్సీ కాపీ, ప్లేటు కనిపించేలా మీ బండి ఫోటో జతచేయండి. ఇచ్చిన కాగితం ఇంకో కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి.

కెమెరాతో వేసిన చలానాకి ఫోటో లేదంటే ఊరుకోకండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో 167ఏ అనే రూల్ చేర్చారు. దాని ప్రకారం 15 రోజుల్లోపు నోటీసు పంపాలి, చలానా తేలేదాకా ఆ రికార్డు భద్రంగా ఉంచాలి.

[స్క్రీన్‌పై: రోడ్డు పక్కన తనిఖీ]

రోడ్డు మీద ఆపి రాసిన కాగితాల్లో తప్పులు వేరే రకం. పేరులో ఒక అక్షరం తేడా వచ్చింది, కాబట్టి కేసు చెల్లదని చెప్పే సలహాదారులు ప్రతి టీ కొట్టు దగ్గరా ఉంటారు. నమ్మకండి. చిన్నచిన్న రాత తప్పులతో కేసు ఎగిరిపోదు. ఆ తప్పు వల్ల మీకు అన్యాయం జరిగిందా అన్నదే కోర్టు చూస్తుంది. బండి నంబరు, తేదీ, టైము, సెక్షన్ తప్పైతే మాత్రం అది గట్టి పాయింటే.

డ్రంక్ అండ్ డ్రైవ్‌లో ఇది ఇంకా ముఖ్యం. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. నోటితో ఊదించే మెషీన్ నుంచి వచ్చే స్లిప్ మీద రీడింగు, టైము, పేరు చూసుకున్నాకే సంతకం పెట్టండి. తేడా ఉంటే అక్కడికక్కడే మర్యాదగా, "సార్, ఇది ఒకసారి చూడండి" అని అడగండి, స్లిప్‌ని ఫోటో తీసుకోండి.

లైసెన్స్ తీసుకుంటే రసీదు ఇవ్వాలని మోటారు వాహనాల చట్టం 206వ సెక్షన్ చెబుతోంది. లైసెన్స్ తిరిగి వచ్చేదాకా, లేదా రసీదు మీద రాసిన తేదీదాకా, ఏది ముందైతే అప్పటిదాకా ఆ రసీదుతో బండి నడపొచ్చు. అడగకపోతే ఇవ్వకపోవచ్చు, అడగండి.

ఇంకొక్కటి. వాట్సాప్‌లో "మీ చలానా చూడండి" అంటూ ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) వస్తే దాన్ని అస్సలు తెరవకండి. పోలీసులు చలానాని ఏపీకేగా పంపరు, అది మీ బ్యాంకు ఖాతా కోసం వేసిన వల. డిలీట్ చేసి, నేరుగా సైట్‌కే వెళ్లి మీ నంబరు కొట్టి చూసుకోండి.