సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎలక్ట్రిక్ కారు కొంటున్నారా? ముందు 12 వోల్టుల బ్యాటరీ చూడండి

నమస్కారం. హనుమకొండలో పాత కార్లు అమ్మే ఒక డీలరు ఈ కారును నడిపి చూడమని ఉచితంగా ఇచ్చారు, చార్జింగ్ ఖర్చు కూడా వారే పెట్టుకున్నారు. కంపెనీ పేరు చెప్పను గానీ, 2020, 2021లలో కోటి రూపాయల దరిదాపు ధరతో మన దేశానికి వచ్చిన మెర్సిడెస్ ఈక్యూసీ, ఆడి ఈ-ట్రాన్, జాగ్వార్ ఐ-పేస్‌ల తరగతికి చెందినదే ఇది. వేగం, స్క్రీన్ల సంగతులు మీరు ఇతర వీడియోల్లో చూసే ఉంటారు.

అందరూ అడిగేది కారును నడిపే పెద్ద బ్యాటరీ గురించే. దానికి చాలా కంపెనీలు 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి. మొదటి యజమాని కొన్ననాటి నుంచే ఆ లెక్క మొదలవుతుంది కాబట్టి, ఇంకా ఎంత మిగిలిందో సర్వీసు సెంటరు నుంచి కాగితం మీద రాయించుకోండి, బ్యాటరీ ఆరోగ్యం రిపోర్టూ అక్కడే అడగండి. డాష్‌బోర్డు చూపించే రేంజి ఇటీవల నడిపిన తీరును బట్టి మారుతుంది, దాన్ని నమ్మవద్దు.

నన్ను విసిగించింది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. కారు ఆపగానే పెద్ద బ్యాటరీని కాంటాక్టర్లు అనే విద్యుత్ స్విచ్‌లు వేరు చేస్తాయి. వాటిని మళ్లీ కలపడానికి, తలుపులు తెరవడానికి, కంప్యూటర్లను మేల్కొలపడానికి కరెంటు ఇచ్చేది ఈ చిన్నదే. డీలరు యార్డులో వారాల తరబడి కదలకుండా ఉన్న కారులో ఇది చడీచప్పుడు లేకుండా దిగిపోతుంది. నేను వెళ్లిన ఉదయం తలుపు హ్యాండిలు బయటికే రాలేదు. తాళంచెవితో తెరిచి, వోల్టేజీ కొలిచే మల్టీమీటరు పెడితే 11.4 వోల్టులు చూపింది. మంచి లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే 12.6 దగ్గర ఉండాలి. వేరే బ్యాటరీ నుంచి జంపర్ కేబుళ్లు తగిలించాక కారు లేచింది గానీ, స్క్రీన్ మీద బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షను హెచ్చరికలు వరుస కట్టాయి. వోల్టేజీ పడిపోతే ఇలాంటి దొంగ హెచ్చరికలు వస్తాయి, అయితే నిజమైన లోపం కూడా వాటి మధ్యనే దాక్కోవచ్చు. అందువల్ల డీలరు వాటిని చెరిపేయకముందే కారు కంప్యూటరులో నమోదైన లోపాల జాబితా, అంటే స్కాన్ రిపోర్టు తీయించండి. నా పాత డీజిల్ బండి బ్యాటరీ చచ్చినా నలుగురు తోస్తే స్టార్టయ్యేది, దీన్ని తోసి లేపలేం, జంపర్ కేబుళ్లతోనూ లేవకపోతే ఫ్లాట్‌బెడ్ లారీ మీద హైదరాబాదు తీసుకుపోవాల్సిందే.

కొత్త బ్యాటరీ వేస్తే చాలని డీలరు అన్నారు, కానీ దాన్ని చార్జ్ చేసే యూనిట్ చెడితే కొత్తదీ దిగిపోతుంది. 2024లో హ్యుందాయ్ మన దేశంలో 1,744 అయోనిక్ 5 కార్లను వెనక్కి పిలిచింది ఇటువంటి లోపం కారణంగానే. కారు ఆన్‌లో ఉన్నప్పుడు మీటరు సుమారు 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపాలి.

ఇంట్లో వాడే ఏసీ చార్జింగు, హైవే మీది డీసీ ఫాస్ట్ చార్జింగు రెండూ ప్రయత్నించండి, ఒకటి పనిచేసినంత మాత్రాన రెండోది పనిచేస్తుందని లేదు. 2023 జూలై వరదల్లో హనుమకొండలోని నయీంనగర్ ఎలా మునిగిందో చూసినవాళ్లం కనుక, ఈ కారు కూడా నీళ్లలో మునిగిందేమో తెలుసుకోవడానికి కార్పెట్ ఎత్తి సీటు పట్టాల్లో బురద ఉందేమో, వైరింగు కనెక్టర్లకు చిలుము పట్టిందేమో చూడటం మరువవద్దు.

నడపడానికి ఈ కారు ఎంత హాయిగా ఉన్నా, చెబుతున్న ధరకు కొనమని నేను చెప్పను. డీలరు కొత్త 12 వోల్టుల బ్యాటరీ వేయించి, వారం పాటు కదపకుండా ఉంచి, మన ఎదుటే మీటరు పెట్టనిస్తే అప్పుడు బేరం మాట్లాడవచ్చు.