అమెరికాలో పశువైద్యం: పట్టా తర్వాత మొదలయ్యే పరీక్షలు

శ్రోతలకు నమస్కారం.

తిరుపతిలో చదివినా, గన్నవరంలో చదివినా, రాజేంద్రనగర్‌లో చదివినా, బీవీఎస్సీ పట్టా చేతికొచ్చి వెటర్నరీ కౌన్సిల్‌లో పేరు ఎక్కితే మన దేశంలో డాక్టరే. అమెరికాలో మాత్రం ఆ పట్టా అర్జీ పెట్టుకోవడానికే పనికొస్తుంది. అక్కడి పశువైద్యుల సంఘం, ఏవీఎంఏ, గుర్తింపు ఇచ్చిన కాలేజీల్లో మన దేశపు కాలేజీ ఒక్కటీ లేదు. అందుకని మన పట్టభద్రులు ఈసీఎఫ్‌వీజీ అనే సర్టిఫికెట్ సంపాదించుకోవాలి. దానికి నాలుగు మెట్లున్నాయి: చదువు రుజువులు, ఇంగ్లీషు పరీక్ష, రాత పరీక్ష, చేతి పరీక్ష. పేవ్ అని మరో దారి ఉంది. అందులో రాత పరీక్ష గట్టెక్కాక గుర్తింపు ఉన్న కాలేజీలో ఒక ఏడాది క్లినిక్‌లో పనిచేసి మెప్పించాలి. ఖర్చు భారీగా ఉంటుంది.

మొదటి మెట్టు తేలిక అనుకుంటారు గానీ మనవాళ్ళ ఫైళ్ళు ఎక్కువగా ఆగేది ఇక్కడే. కారణం పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి ఉంటుంది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడపిల్లలకైతే మూడు కాగితాల్లో మూడు పేర్లు. ఆ పేర్లన్నీ ఒకే మనిషివని అక్కడి గుమాస్తా ఊహించుకోడు. కనుక డబ్బు కట్టకముందే కాగితాలన్నీ బల్ల మీద పరిచి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే ఇక్కడ ఉండగానే సరిచేయించండి. మార్కుల ట్రాన్‌స్క్రిప్టు చాలాసార్లు విశ్వవిద్యాలయం నుంచి నేరుగా వెళ్ళాలి. మీరు కవరు విప్పి చూసి మళ్ళీ అంటించి పంపితే చెల్లదు.

బీసీఎస్ఈ అనే రాత పరీక్షలో 225 ప్రశ్నలు, కంప్యూటర్ మీద రాయాలి. అనాటమీ నుంచి మందుల దాకా అన్నీ అడుగుతారు. పుస్తకం పట్టుకుని కూర్చుంటే మనవాళ్ళు దీన్ని దాటగలరు. అసలు కొండ నాలుగో మెట్టు, సీపీఈ. మూడు రోజులు, ఏడు విభాగాలు: మత్తు ఇవ్వడం, శస్త్రచికిత్స, చిన్న జంతువుల వైద్యం, గుర్రాలు, పాడి-మాంస పశువులు, ఎక్స్‌రే, శవపరీక్ష. ఫీజు వేల డాలర్లలో ఉంటుంది. తేదీ దొరకడానికి నెలల తరబడి ఎదురుచూడాలి.

ఈ చేతి పరీక్షలో మనవాళ్ళు తప్పేది చదువు తక్కువై కాదు. సూడి పరీక్ష, మాయ తీయడం, పొదుగువాపు, ఇవన్నీ మన విద్యార్థికి గేదెల మీద బాగా అలవాటు. పాడి పశువుల విభాగంలో అది అక్కరకొస్తుంది. కుక్క, పిల్లి, గుర్రం దగ్గరే చేతులు తడబడతాయి. మన దగ్గర చాలాచోట్ల జైలజిన్, కెటమిన్ సూదులతో మత్తు ఇచ్చి పని కానిస్తారు. అక్కడ గ్యాస్ మెషిన్‌ను మీరే తనిఖీ చేసి చూపించాలి. అది ఎలాగో కాస్త వివరంగా చెబుతాను.

ముందు పాప్-ఆఫ్ వాల్వ్, అంటే ఎక్కువైన గ్యాస్‌ను బయటికి వదిలే మూత, మూసి, జంతువు వైపు గొట్టం చివర బొటనవేలితో అదిమి, ఆక్సిజన్‌తో గొట్టాల సర్క్యూట్ నింపాలి. ఒత్తిడి ముల్లు 30 సెంటీమీటర్ల నీటి మట్టం చూపాక ఆగాలి. పది సెకన్లు ముల్లు కదలకపోతే లీకు లేనట్టు. ఇక అతి ముఖ్యమైన పని: వాల్వ్ మళ్ళీ తెరవడం. హడావుడిలో దాన్ని మూసే ఉంచి కుక్కను తగిలిస్తే, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి, గుండెకు రక్తం తిరిగి రాక, నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. పరీక్షలో మార్కులు పోవడం కన్నా ఇది ఎంతో పెద్ద విషయం. అందుకే వాల్వ్ తెరిచాక నోటితో పైకి చెప్పే అలవాటు చేసుకోవాలి. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ సగటు రక్తపోటు 60 కంటే తగ్గకుండా చూస్తూ, ఐదేసి నిమిషాలకు చార్టులో రాస్తూ ఉండాలి.

శస్త్రచికిత్సలో ఆడకుక్కకు అండాశయాలు, గర్భసంచి తీయాలి. వీధికుక్కల కార్యక్రమాల్లో మనవాళ్ళు చాలామంది కుడి డొక్క మీద కోసి నేర్చుకుంటారు. అక్కడ పొట్ట మధ్యగీత మీద కోస్తారు. కుడి అండాశయం లోతుగా, ముందుకు ఉంటుంది. దాన్ని పట్టి ఉంచిన తంతువు సాగదీయడానికి భయపడితే ముడి వేసే చోటు కనబడదు. ముడి జారితే పొట్టలోకి రక్తం కారుతుంది. కడుపు మూసేముందు కుడివైపు డ్యుయోడినం పేగు పొరను, ఎడమవైపు పెద్దపేగు పొరను పక్కకు లాగి అండాశయాలు కోసిన రెండు మొదళ్ళూ చూడాలి, రక్తం అద్దిన గాజ్ గుడ్డ ముక్కలు లెక్కపెట్టుకోవాలి. గ్లౌజు ఎక్కడైనా తగిలిందని అనుమానం వస్తే దాచకుండా చెప్పి మార్చుకోవాలి. దాచడమే పెద్ద తప్పుగా చూస్తారు.

ఈ చేతివాటం రావాలంటే ఇంటర్న్‌షిప్ ఏడాదిని వదులుకోకూడదు. కాలేజీ ఆసుపత్రి చిన్న జంతువుల విభాగంలో అదనపు డ్యూటీలు అడిగి వేయించుకోండి. గుర్రాలున్న చోటు దొరికితే కాలు ఎత్తి పట్టడం, కుంటు గమనించడం, ముక్కులోంచి గొట్టం వేయడం నేర్చుకోండి.

సర్టిఫికెట్ వచ్చినా, లైసెన్సు కోసం రాసే 360 ప్రశ్నల నావ్లే పరీక్ష నెగ్గి, పనిచేయబోయే రాష్ట్రంలో లైసెన్సు తీసుకోవాలి. భర్త ఉద్యోగం మీద హెచ్-4 వీసాతో వెళ్ళిన మన డాక్టరమ్మలు చాలామంది ఈ దారిలో ఉన్నారు. వాళ్ళకొక జాగ్రత్త: పని అనుమతి లేకుండా క్లినిక్‌లో జీతం లేని చాకిరీ చేసినా వీసాకు చిక్కు రావచ్చు. చూసి నేర్చుకోవడం వరకే ఉండి, ఇమిగ్రేషన్ లాయరును అడిగి అడుగు వేయండి.

పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేళ్ళ డిప్లొమా చేసినవారూ ఇది వింటూ ఉంటారు. అమెరికాలో వెటర్నరీ టెక్నీషియన్, బ్రిటన్‌లో వెటర్నరీ నర్సు అనేవి వేరే చదువులు, వేరే రిజిస్టర్లు. మన డిప్లొమాతో ఆ హోదా నేరుగా రాదు. మామూలుగా అక్కడి గుర్తింపు ఉన్న కోర్సు చదవాల్సిందే. ఎవరైనా ఏజెంటు డిప్లొమాతోనే నర్సు ఉద్యోగం ఇప్పిస్తానంటే, ఆ దేశపు రిజిస్టర్‌లో పేరు ఎక్కించే నియమం ఏదో కాగితం మీద చూపమనండి. డబ్బు సంగతి ఆ తర్వాత.