పేరు నాలుగుసార్లు మారిన బడి

వేదిక మీది పెద్దలకు నమస్కారం. డిప్లొమా పిల్లలూ, ఫ్యాన్ కింద చోటు దొరకనివాళ్ళు కాస్త ఓర్చుకోండి, తొందరగానే ముగిస్తాను.

మా నాన్నకి ఇక్కడే, ఆటోనగర్‌లో, చిన్న లేత్ షెడ్డు ఉండేది. "బాగా చదువుకోరా, ఈ గ్రీజు నీకు అంటకుండా పోతుంది" అనేవాడు. చదువంటే చేతిపని నుంచి తప్పించుకోవడమేనని నేనూ చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకాన్ని కదిలించింది ఒక బడి కథ.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో మస్కీగన్ నది ఒడ్డున బిగ్ రాపిడ్స్ అని చిన్న ఊరుంది. ఆ రోజుల్లో అడవిలో నరికిన దుంగల్ని ఏట్లో వదిలితే తేలుతూ కోతమిల్లులకు చేరేవి. 1884లో వుడ్‌బ్రిడ్జ్ ఫెరిస్ అనే మేష్టారు, ఆయన భార్య హెలెన్ కలిసి అక్కడ ఒక పారిశ్రామిక పాఠశాల తెరిచారు. మొదట చేరినవాళ్ళు 15 మంది. చదువు మధ్యలో ఆగిపోయి పనుల్లో పడ్డవాళ్ళకి కూడా అందులో చోటుండేది. ఇంతకుముందు ఎంత చదివావని కాకుండా, నేర్చుకుంటావా అని అడిగేవారన్నమాట. మన పాలీసెట్ ర్యాంకుల టెన్షన్ వాళ్ళకి లేదు.

మరుసటి ఏడాదే బడికి ఫెరిస్ పేరు వచ్చింది. 1893లో ఫార్మసీ మొదలుపెట్టారు. 1898కి ఫెరిస్ ఇన్‌స్టిట్యూట్ అయింది. మేష్టారు 1913 నుంచి నాలుగేళ్లు మిషిగన్ గవర్నర్‌గా చేసి, తర్వాత సెనేటర్ కూడా అయ్యారు. ముందు కాలేజీ, వెనకాల ఎన్నికలు... ఈ వరస మనకి కొత్తేం కాదు, నవ్వకండి.

1950 ఫిబ్రవరి 21న మంటలు లేచి పాత మెయిన్ బిల్డింగ్, ఫార్మసీ భవనం కాలిపోయాయి. క్లాసులు మాత్రం ఆగలేదు. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థను తన చేతుల్లోకి తీసుకుంది. 1963లో స్టేట్ కాలేజీ, 1987లో ఫెరిస్ స్టేట్ యూనివర్సిటీ అయింది.

బోర్డు మారడం పెద్ద విశేషం కాదు. మన దగ్గరా బోర్డులు మారుతూనే ఉంటాయి. కాకపోతే హోదా పెరిగిన కొద్దీ లేత్ మెషిన్ మూలకి జరుగుతుంది, దాని మీద గుడ్డ కప్పుతారు. అక్కడ అలా జరగలేదు. యూనివర్సిటీ అయ్యాక కూడా ఆటోమొబైల్ పని, వెల్డింగ్, ఏసీ రిపేరు లాంటివన్నీ ఫార్మసీ పక్కనే ఉన్నాయి. రెండేళ్ల కోర్సు చేసి పనిలో చేరొచ్చు, లేదంటే అక్కడే ఇంకో రెండేళ్లు చదివి డిగ్రీ పట్టొచ్చు. వెల్డింగ్‌లోనే బ్యాచిలర్ డిగ్రీ ఉంది! ఇక్కడ మీరు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరితే, చేతిపని ముచ్చట దాదాపు అక్కడితో సరి.

మా నాన్న ఉంటే ఆ వెల్డింగ్ డిగ్రీ సంగతి చెప్పేవాణ్ణి. నమ్మేవాడు కాదనుకోండి.

టీకి ముందు మీ వర్క్‌షాప్ చూపిస్తామన్నారు. తాళం ఎవరి దగ్గరుందో కాస్త కనుక్కోండి.